నుమాయిష్‌లో మామయ్య బండ

నాంపల్లిలో నుమాయిష్ రోజులు దగ్గరపడుతున్నాయంటే ఊళ్లో ఆడవాళ్లకు గాజులు, కాశ్మీరు శాలువలు గుర్తొచ్చేవి. నాకు ఫార్మలిన్ గుర్తొచ్చేది. మా ఆయన చేపల ఆఫీసులో చిన్న అధికారి. ఎగ్జిబిషన్‌లో వాళ్ల స్టాలు పెట్టే పని ఏటా ఆయన నెత్తినే పడేది. సీసాల్లో పీతలు, చేపలు, నేను పేరు అడగదలచుకోని పురుగులు నెల ముందే మా వసారాలోకి చేరేవి. వంటింట్లో ఎంత ఘాటుగా పోపు పెట్టినా ఆ వాసనదే పైచేయి. "టీచరమ్మా, ఇంట్ల దవాఖాన ఏమన్న తెరిచిన్రా ఏంది?" అని పక్కింటావిడ గోడ మీంచి అడిగేది.

నాది మెదక్ వైపు. అబిడ్స్ దగ్గర ఒక బడిలో పాఠాలు చెప్పేదాన్ని. పెళ్లయ్యేవరకు సముద్రం చూడలేదు, చూడాలన్న కోరికా లేదు. ఆయనది ఉత్తర కోస్తాలో ఒక జాలరిపేట. మిషన్ హాస్టల్లో చదువుకున్నారు, ఆ పేటలో ప్యాంటు తొడిగిన మొదటి మనిషి. కొన్నేళ్లు అక్కడే సర్వే పడవల మీద తిరిగారు. రాష్ట్రం ఏర్పడి ఆఫీసులన్నీ హైదరాబాదుకు వచ్చినప్పుడు ఫైళ్ల వెంట ఆయనా వచ్చారు. మాది పాస్టర్లు కుదిర్చిన సంబంధం. పెళ్లిచూపుల్లో ఆయన నన్ను అడిగిన మొదటి మాట, సముద్రం అడుగున ఏముంటుందో ఎప్పుడైనా ఆలోచించావా అని. ఇదేం మనిషిరా దేవుడా అనుకున్నాను. ఆ అభిప్రాయం తర్వాత కూడా పెద్దగా మారలేదు.

ఆయన పేటకు ఎదురుగా, ఒడ్డు మీది చెట్లు చిన్నగా కనిపించేంత దూరంలో, లోతు నీళ్ల అడుగున ఒక పెద్ద బండ ఉంది. చుట్టూ అంతా బురద, మధ్యలో అదొక్కటే రాయి. పడవలో నుంచి చూస్తే నీళ్లు తప్ప ఏమీ కనబడవు. కింద ఏముందో గాలం చెప్పాలి. ఎర్రచేపలు వచ్చేవి, మనిషి చెయ్యంత పొడవైనవి. ఒక్కోసారి గాలానికి తగులుకుని నీటిచెట్టు కొమ్మ విరిగి వచ్చేది. చెట్టు అని పేరేగానీ అది చెట్టు కాదట. లెక్కలేనన్ని చిన్న ప్రాణులు కలిసి కట్టుకున్న ఇల్లట. జానెడు ఎదిగేసరికి ఇక్కడ ఒక ఆడపిల్ల పెళ్లీడుకు వస్తుందట. ఆ కొమ్మల సందుల్లో రొయ్యలు, చేపపిల్లలు దాక్కుంటాయి. వాటి కోసం పెద్ద చేపలు వస్తాయి. కొమ్మలు విరిగితే అన్నీ పోతాయి. అన్నం తింటూ, బట్టలు ఆరేస్తూ, చర్చికి నడుస్తూ ఈ పాఠం ఎన్నిసార్లు విన్నానో! నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను.

ఆ బండ ఆయన మేనమామది. కాగితాల మీద కాదు, గుర్తుల మీద. పడవలో వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తే కొండ మీది గుడి శిఖరం, ఒడ్డున ఉన్న పాత ఉప్పుకొఠారు పొగగొట్టం ఒకే వరసలోకి రావాలి. అదే సమయంలో ఇంకో పక్క చర్చి సిలువ, జంట తాడిచెట్లలో పొడుగుది ఒకే వరసలోకి రావాలి. ఆ రెండూ కుదిరిన చోట గాలం దించితే కింద బండ. గజం అటైనా ఇటైనా బురదే. మామయ్యకు ఆ గుర్తులు వాళ్ల నాన్న చెప్పాడు. అక్కడ ప్రతి ఇంటికీ ఇలాంటి చోటు ఒకటి ఉంటుంది, గుర్తులు ఇల్లు దాటి పోవు. దూరంగా ఇంకో తెరచాప కనిపిస్తే మామయ్య గాలం లాగేసి, ఆకాశం చూస్తూ పడుకునేవాడట. గుర్తులు తెలిసినవాళ్లు మామయ్య, మామయ్య కొడుకు, మా ఆయన. మేనల్లుడు పరాయివాడు కాదుగదా.

అరవైల్లో ఆ తీరానికి మరపడవలు వచ్చాయి. అడుగును ఈడ్చుకుంటూ పోయే వలలు వాటివి. బురద మీద రొయ్యల కోసం ఈడ్చినంతకాలం ఫరవాలేదు. రాయి తగిలితే వల చిరుగుతుంది కాబట్టి వాళ్లే భయపడి దూరంగా ఉండేవాళ్లు. అయితే వల అడుగున ఇనుప గొలుసులు, చక్రాలు కట్టి రాళ్ల మీద కూడా లాగుతున్నారని ఆయనకు తెలిసింది. అప్పటినుంచి ఆయనకు ఒకటే యావ. ఆ బండ మీద వల ఈడ్వకూడదని ప్రభుత్వం ఆర్డరు వేయాలి. గాలం వేసుకునేవాళ్లు వేసుకోవచ్చు, వల మాత్రం రాకూడదు. పైవాళ్లకు రాసి రాసి వేళ్లు నొప్పి పుట్టాయి. వాళ్లు చదివి నవ్వేవాళ్లు. "కనపడని రాయికి కాపలానా?" అన్నాడట ఒక పెద్దాఫీసరు.

"చూస్తే ఒప్పుకుంటారు. చూడక గానీ" అనేవారు ఆయన.

అలా పుట్టింది స్టాలులో ఒక మూల, బండ కోసం. ఈ ఊళ్లో మంత్రి దగ్గర్నుంచి మండీ హమాలీ వరకు ఎగ్జిబిషన్‌కు రానివాడు లేడు. వాళ్లకు ఆ బండను చూపిస్తే సరి. మామయ్యకు కబురు పెట్టారు. గాలానికి విరిగి వచ్చిన నీటిచెట్లు అటక మీద పడి ఉంటే మామయ్య గోనెల్లో కుక్కి రైల్లో వేశాడు. తన బండ పట్నం వెళ్తోందని పేటంతా చెప్పుకున్నాడట. మా ఆయన రాళ్లు పేర్చి, ఎండిన నీటిచెట్లు నిలబెట్టి, వెనక నీలం కాగితం చుట్టిన బల్బులు పెట్టారు. బాగానే ఉందని నేను కూడా ఒప్పుకున్నాను.

పక్కన ఒక బోర్డు. గౌలిగూడలో సినిమా బోర్డులు రాసే పెయింటరు చేత వేయించారు. జాలరుల తెలివి పట్నం వాళ్లకు తెలియాలని ఆయన ముచ్చట. కొండ, గుడి, పొగగొట్టం, సిలువ, తాడిచెట్లు, వాటి మీదుగా సముద్రంలోకి రెండు ఎర్రగీతలు, గీతలు కలిసిన చోట బండ. కింద పేట పేరు. పెయింటరు అలవాటు కొద్దీ కొండ మీద సూర్యోదయం కూడా పెట్టాడు.

"గుర్తులు ఇల్లు దాటకూడదన్నారుగా, ఇట్ల బజార్ల పెడుతున్నరేంది?" అని అడిగాను.

"హైదరాబాదులో పడవ ఎవరికుంది?" అన్నారు ఆయన. నేనూ నవ్వాను. నిజమే, ఈ ఊళ్లో పడవ ఎవరికుంది?

మామయ్యతో ఆ బోర్డు సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే నొచ్చుకుంటాడని.

స్టాలుకు జనం విరగబడి వచ్చారు. సాయంత్రం బడి అయ్యాక నేనూ వెళ్లి నిలబడేదాన్ని. ఆయన గొంతు పోయేలా పాఠం చెప్పేవారు. విన్నవాళ్లందరూ శ్రద్ధగా విని, చివర్లో ఒకే ప్రశ్న వేసేవాళ్లు.

"బాగుంది సారూ. గిది ఎంతకిస్తరు?"

"అమ్మడానికి కాదమ్మా. ఇది ప్రాణి. దీన్ని కాపాడుకోవాలని చూపిస్తున్నాం."

"కాపాడుకుంటం సార్, షోకేసుల పెట్టుకుంటం. జర రేటు చెప్పుండ్రి."

నుమాయిష్‌కు మనిషి ఎందుకు వస్తాడు? కొనడానికి వస్తాడు. పెట్టినదానికల్లా ధర ఉంటుందని ఈ ఊళ్లో చంటిపిల్లకు కూడా తెలుసు. నాకు తెలుసు, పక్కింటావిడకు తెలుసు. ఆయనకు తెలియదు. రోజూ ఇంటికొచ్చి, ఎంతమంది ఆసక్తి చూపించారో అని మురిసిపోయేవారు. నాకు ఒళ్లు మండేది. ఆ ముఖం చూసి మళ్లీ ఏమీ అనబుద్ధయ్యేది కాదు.

ఒక సాయంత్రం తెల్ల చొక్కా, బంగారు గొలుసుతో ఒక మనిషి వచ్చాడు. మాట వినగానే కోస్తావాడని తెలిసింది. మరపడవకు లైసెన్సు కోసం హైదరాబాదు వచ్చాడట. ఫైలు కదిలేదాకా లాడ్జిలో కూర్చోలేక ఎగ్జిబిషన్ చూస్తున్నాడు. మన వైపు మనిషి దొరికాడని ఆయన పొంగిపోయారు, ఇరానీ చాయ్ తెప్పించారు. అతను చాయ్ తాగుతూ బోర్డు ముందు నిలబడ్డాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా నిలబడే ఉన్నాడు. వెళ్తూ వెళ్తూ ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, "చాలా మంచిపని చేస్తున్నారండీ" అన్నాడు.

ఎగ్జిబిషన్ ముగిశాక స్టాలు తీసేస్తుంటే పెద్దాఫీసరు భార్యకు ఒక నీటిచెట్టు కావాలని కబురొచ్చింది. ఇస్తే ఫైలు కదులుతుందని ఆయన ఇచ్చారు. ఆవిడ ఇంట్లో చూసి ఇంకొకావిడ అడిగింది. ఉన్నవన్నీ అలా పెద్దపెద్ద ఇళ్లకు చేరాయి. ఫైలు మాత్రం ఉన్నచోటే ఉంది. మరుసటి చలికాలానికి అబిడ్స్‌లో ఒక అలంకార సామాన్ల దుకాణం అద్దాల వెనక నీటిచెట్లు వరసగా నిలబడ్డాయి. కొన్నిటికి బంగారు రంగు, కొన్నిటికి వెండి రంగు. 'సముందర్ ఝాడ్', అంటే సముద్రపు చెట్టు, అని చీటీ. బడి నుంచి వస్తూ చూసి, ఇంటికొచ్చి చెప్పాను. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లారు. తిరిగొచ్చి వసారాలో కూర్చున్నారు. ఎక్కడినుంచి వస్తున్నాయని అడిగితే, కోస్తా నుంచి మరపడవ యజమాని ఒకడు పంపుతున్నాడని దుకాణదారు చెప్పాడట.

కొన్నాళ్లకు మా అత్తగారి దగ్గర్నుంచి కబురు వచ్చింది. మరపడవ ఒకటి తిన్నగా మామయ్య బండ మీదికే వచ్చిందట. వెతుక్కోలేదట, తడబడలేదట. గొలుసులు కట్టిన వల బండ మీద ఈడ్చి నీటిచెట్లు, చేపలు కలిపి లాగిందట. దాని వెనక ఇంకోటి వచ్చిందట.

"వాళ్ల దగ్గర లోతు చూపే మిషన్లుంటాయి. ఎప్పటికైనా కనిపెట్టేవాళ్లే" అన్నారు ఆయన, నేను అడగకుండానే. ఆ ఏడు బోర్డు స్టాలుకు వెళ్లలేదు. పాత దుప్పటి చుట్టి మా బీరువా వెనక పెట్టారు. మిషన్లే కనిపెట్టి ఉంటే బోర్డుకు దుప్పటి ఎందుకు? ఆ ప్రశ్న నేను వేయలేదు. ఆ రోజుల్లో ఆయన అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేవారు.

తర్వాతి క్రిస్మస్‌కు మామయ్యను రమ్మని పిలిచాం. బండ మీద గాలానికి ఏమీ తగలడం లేదని, మనిషి దిగులు పడిపోయాడని అత్తగారు చెప్పించారు. సికింద్రాబాదులో రైలు దిగిన మనిషిని చూసి నేను గుర్తుపట్టలేదు. మా పెళ్లిలో నన్ను ఒంటి చేత్తో ఎత్తి గుమ్మం దాటించిన మనిషి, చొక్కా లోపల ఎక్కడో ఉన్నాడు. తన కొడుకు గురించి అడిగితే మాట మార్చాడు.

పండగ మర్నాడు మా సంఘంవాళ్ల ఇంట్లో ప్రార్థన కూటం. మామయ్యను కూడా తీసుకెళ్లాం. ముందుగదిలో అడుగు పెట్టగానే అది కనిపించింది. ఏటా సరుగుడు కొమ్మ పెట్టేచోట, మనిషి నడుం ఎత్తు నీటిచెట్టు నిలబడి ఉంది. వెండి రంగు వేసి, మంచు అని దూది అంటించి, కొమ్మలకు రంగు గోళీలు కట్టి, పైన చుక్క పెట్టారు.

"సూడుండ్రి తాతా, ఈసారి మా క్రిస్మస్ చెట్టు" అంది ఇంటావిడ సంబరంగా. "అబిడ్స్ల కొన్నం. రాలదు, ఎండదు. ఏటేటా కొమ్మ తెచ్చే ఫికరే లేదిగ."

మామయ్య దగ్గరికి వెళ్లి, దూది పక్కకు జరిపి, మొదలు తడిమి చూశాడు.

"మా బండదేనమ్మా" అన్నాడు. "ఎంత ముదురో. మా తాత కాలం నాటిది ఇది."

"ఔనా, మంచి పాతదే దొరికింది మాకు" అని ఆవిడ మురిసింది. పెద్దమనిషని మామయ్యనే ప్రార్థన చేయమన్నారు. మామయ్య లేచి, ఆ ఇంట్లోవాళ్లను దీవించమని, తిండి పెట్టిన చేతుల్ని దీవించమని అడిగి కూర్చున్నాడు. ఇంకేమీ అడగలేదు.

ఇంటికి నడిచి వస్తుంటే మామయ్య తనంతట తానే మాట తీశాడు. మేము ముగ్గురం నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద ఉన్నాం.

"ఆ గుర్తులు ముగ్గురికే తెలుసమ్మా. నాకు, నా కొడుక్కి, ఇదిగో నీ మొగుడికి. ఈడు ఈ ఊళ్లో కాయితాలు రాసుకుంటన్నాడు. ఇంకెవుడు మిగిల్నాడు?"

నేను ఆయన వంక చూశాను. ఆయన రోడ్డు వంక చూస్తున్నారు.

"తెడ్డు తీసి కొట్టినాను. వొడ్డున, అందరూ సూస్తుండగా. నాను సెప్పలేదు నాన్నా అని బైబిలు మీద సెయ్యేసినాడు. నమ్మలేదు. నా ఇంట్లో అడుగు పెట్టొద్దన్నాను. ఎల్లి ఆ మరపడవలోనే కూలికి సేరినాడు. అది సూసినాక ఇంకేటి కావాల?"

ఇప్పుడు చెబుతారు అనుకున్నాను. స్టేషన్ దాటాం. మా గల్లీ వచ్చింది. ఆయన తాళం తీశారు, మామయ్య కాళ్లకు నీళ్లిచ్చారు, పక్కన కూర్చుని అన్నం తిన్నారు, పేటలో ఎవరెవరు ఎలా ఉన్నారో అడిగారు. చెప్పలేదు. పొద్దున లేచి టిఫిన్ డబ్బా పట్టుకుని ఆఫీసుకు వెళ్లిపోయారు. మంచివాడి పిరికితనం అంత చెడ్డది ఇంకోటి లేదని ఆ పొద్దున నాకు తెలిసింది.

బడికి క్రిస్మస్ సెలవులు. మామయ్య వసారాలో ఎండలో కూర్చుని ఉన్నాడు. వాళ్ల అబ్బాయిని నేను ఒక్కసారే చూశాను, మా పెళ్లిలో. నాకు సముద్రం చూపించడానికి నీళ్ల దాకా పరిగెత్తి, మళ్లీ వెనక్కి పరిగెత్తుకొచ్చి, "రా అక్కా" అని నవ్విన పిల్లవాడు. నేను లోపలికి వెళ్లి బీరువా వెనక నుంచి బోర్డు లాగి, దుప్పటి విప్పి, తెచ్చి మామయ్య ముందు గోడకు ఆనించాను.

మామయ్యకు చదువు రాదు. ఆ బోర్డుకు చదువు అక్కర్లేదు. చూపు కొండ మీద ఆగింది, గుడి మీదికి వెళ్లింది, పొగగొట్టం మీదికి, సిలువ మీదికి, పొడుగు తాడి మీదికి. ఎర్రగీత వెంట వేలు పెట్టి నెమ్మదిగా సముద్రంలోకి వెళ్లి, రెండు గీతలు కలిసిన చోట ఆపాడు.

"ఇది ఎక్కడ పెట్టినారు?"

"నుమాయిష్‌ల, మామయ్యా. స్టాలు ముందర."

"ఎంతమంది సూసినారు?"

"ఊరంతా" అన్నాను.

"మంచికే చేసిండు మామయ్యా. బండను కాపాడాలనే..." అంటూ ఇంకా ఏదో చెప్పబోయాను. మామయ్య వినడం లేదు. వేలు ఇంకా బోర్డు మీదే ఉంది. "కొట్టినాను" అన్నాడు. "వొడ్డున. అందరూ సూస్తుండగా." తర్వాత లేచి సంచి సర్దుకున్నాడు. సాయంత్రం దాకా ఆగమంటే ఆగలేదు. రిక్షా పిలిచి, సికింద్రాబాదు దాకా వెళ్లి నేనే రైలెక్కించాను. మేనల్లుడి మాట ఎత్తలేదు, తిట్టలేదు. నేను కట్టిన అన్నం పొట్లం మాత్రం తీసుకున్నాడు.

ఆయన ఇంటికొచ్చి గోడకు ఆనించిన బోర్డు చూశారు. "నువ్వెవరు చెప్పడానికి?" అన్నారు. ఆయన నా మీద గొంతెత్తింది ఆ ఒక్కసారే. "చెప్పాల్సినోళ్లు చెప్పలేదు గనక" అన్నాను. చాలా రోజులు మా మధ్య బియ్యం, ఉప్పు, కిరాయి తప్ప మాటల్లేవు.

మామయ్య వెళ్లి మరపడవలు ఆగే జెట్టీ దగ్గర నిలబడ్డాడట. కొడుకు దిగాక చెయ్యి పట్టుకుని, బోర్డు సంగతి చెప్పి, అందరి ముందు క్షమించమని అడిగాడట. ఆ అబ్బాయి చెయ్యి విడిపించుకుని, వల భుజాన వేసుకుని వెళ్లిపోయాడట. మర్నాడు మళ్లీ వెళ్లాడు. ఆ తర్వాత కూడా వెళ్లేవాడు, ఊరికే నిలబడడానికి. గాలం మాత్రం మళ్లీ ముట్టలేదు. బండ మీద ఇక ఏమీ లేదని తెలిశాక మరపడవలు కూడా అటు పోవడం మానేశాయి. రెండు వానాకాలాలు గడిచాక మామయ్య పోయాడు.

భూస్థాపనకు మా ఆయన ఒక్కరే వెళ్లారు. తిరిగొచ్చి చెప్పులు విప్పకుండానే వసారాలో కూర్చున్నారు. నీళ్లిచ్చాను. అడగకూడదనుకుంటూనే అడిగాను, అబ్బాయి వచ్చాడా అని.

"వచ్చాడు. సమాధి తవ్వింది వాడే" అన్నారు. "పెట్టె దించాక అందరూ పిడికెడు మన్ను వేస్తున్నారు. నేనూ తీసుకుని వంగాను. వాడు వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కూడా కాదు. 'నువ్వొద్దు బావా' అన్నాడు."

ఆ మన్ను ఏం చేశారని నేను అడగలేదు. ఆయనే చెప్పారు, ఎక్కడ వేయాలో తెలియక బస్సెక్కే దాకా పిడికిట్లోనే ఉంచుకున్నానని.